సొరుగులో ఉండిపోయిన పాస్‌వర్డ్: ఒక ఆసుపత్రి లైబ్రరీ కేసు

ఈ కేసు ఒక ప్రశ్నతో మొదలైంది. అడిగింది లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్. గోడకు అతికించిన చార్టు మీద వేలు పెట్టి చూపించింది. "మేడమ్, కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఆఖర్న ఇవ్వాలని ఇక్కడ రాసుంది. ముందు ఇచ్చినవి పనిచేయకపోతేనే అని. బదిలీ మీద కొత్తగా వచ్చిన నర్సేమో మొదట్లోనే ఇచ్చేయాలంటోంది. మందు అలమారలో ఉంది. ఎవరి మాట వినమంటారు?"

నేను డాక్టర్ని కాను, లైబ్రరీ మనిషిని. వైద్య విద్యాసంస్థల్లో, ఆసుపత్రుల్లో సమాచారం చేరాల్సిన చోటుకు చేరేలా చూడటం నా పని. 2022 చివర్లో ఆ పని మీదే అక్కడికి వెళ్లాను. సంస్థ పేరు, దేశం పేరు బయటపెట్టనని మాట ఇచ్చాను కాబట్టి అవి రాయను. అల్పాదాయ దేశం, రాజధానికి దూరంగా ఉన్న ఊరు, పాతిక పడకల ప్రసూతి వార్డు, దాన్ని ఆనుకుని ఒక నర్సింగ్ స్కూలు. చదివేవారికి ఇంతవరకు తెలిస్తే చాలు.

సిస్టర్ అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చి అప్పటికే ఐదేళ్లు దాటింది. 2017 ఏప్రిల్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వుమన్ ట్రయల్ ఫలితాలు అచ్చయ్యాయి. 21 దేశాల్లో, 193 ఆసుపత్రుల్లో, 20,060 మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష అది. కాన్పయిన 3 గంటల లోపు ఈ మందు అందినవారిలో రక్తస్రావంతో చనిపోయినవారు 1.2 శాతం. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో 1.7 శాతం. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చుకుంది. ఆఖరి ప్రయత్నంగా కాదు, 3 గంటల లోపు, మిగతా చికిత్సతో పాటే, వీలైనంత త్వరగా ఇవ్వాలని చెప్పింది. ఒక్కో 15 నిమిషాలు ఆలస్యమయ్యే కొద్దీ మందు వల్ల కలిగే మేలు సుమారు 10 శాతం తగ్గిపోతుందని తర్వాతి విశ్లేషణలో తేలింది. గోడ మీది చార్టు మాత్రం 2012 నాటి సిఫారసు దగ్గరే ఉంది.

నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఇంకొకటి. ఆ ట్రయల్ పత్రం ఓపెన్ యాక్సెస్. పైసా కట్టకుండా ఎవరైనా చదువుకోవచ్చు. అందులో పాల్గొన్న స్త్రీలలో చాలామంది నైజీరియా, పాకిస్తాన్ లాంటి దేశాల వారు. అంటే ఇలాంటి వార్డుల నుంచే ఆ జ్ఞానం బయటికి వెళ్లింది. అచ్చయింది, ఉచితంగా పెట్టారు కూడా. అయినా తిరిగి ఇలాంటి వార్డుకు చేరలేదు. ఎక్కడ ఆగిపోయింది? తర్వాతి పద్నాలుగు నెలలు నేను వెతికింది అదే.

సొరుగు

లైబ్రరీ అంటే ఒక గది, నాలుగు అలమారలు. విరాళంగా వచ్చిన పుస్తకాలే ఎక్కువ. ఎక్కడో ఏదో కాలేజీ వదిలించుకున్న పాత ఎడిషన్లు. వాటి గురించి ఎక్కువ రాయను. పాత మందుల పుస్తకం ఖాళీ అలమార కంటే ప్రమాదం అని మాత్రం చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మి చదివేవాళ్లు ఉంటారు.

అలవాటు కొద్దీ మొదట అడిగింది హినారి సంగతి. పేద దేశాల వైద్య సంస్థలకు పత్రికలను ఆన్‌లైన్‌లో అందించే పథకం అది. ఇది తెలియనివారికి కొంచెం నేపథ్యం. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సర్వే చేసింది. తలసరి ఆదాయం ఏడాదికి 1,000 డాలర్ల లోపు ఉన్న దేశాల్లో 56 శాతం వైద్య సంస్థలకు అంతకు ముందు ఐదేళ్లలో ఒక్క అంతర్జాతీయ పత్రిక చందా కూడా లేదని తేలింది. ఆ తర్వాత 2002 జనవరిలో ఆరు పెద్ద ప్రచురణ సంస్థలతో ఒప్పందం చేసుకుని, సుమారు 1,500 పత్రికలతో హినారి మొదలుపెట్టారు. తర్వాత వ్యవసాయానికి అగోరా, పర్యావరణానికి మరొకటి, ఇలా తోడై అన్నీ కలిపి ఇప్పుడు రీసెర్చ్ ఫర్ లైఫ్ అంటున్నారు. బాగా పేద దేశాల సంస్థలకు పూర్తిగా ఉచితం. కాస్త మెరుగైన దేశాలకు కొద్దిపాటి రుసుము. సంస్థ పేరుతో రిజిస్టర్ చేసుకుంటే ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. వాటితో ఆ సంస్థలో పనిచేసే, చదివే అందరూ వాడుకోవచ్చు.

ఇక్కడ ఎవరూ ఆ పేరే వినలేదన్నారు. నేను రిజిస్టర్ చేద్దామని కాగితాలు సిద్ధం చేసి పంపితే, మీ సంస్థ ఎనిమిదేళ్ల క్రితమే రిజిస్టరైంది అని జవాబు వచ్చింది.

వెతికాం. ప్రిన్సిపాల్ గారి గదిలో, బల్ల కింది సొరుగులో, ఒక కవరులో ఉంది. అప్పటి లైబ్రేరియన్ రిజిస్టర్ చేయించి, వచ్చిన మెయిల్‌ని ప్రింట్ తీసి, "జాగ్రత్తగా ఉంచండి, బయటివారికి ఇవ్వకూడదు" అని చెప్పి ప్రిన్సిపాల్‌కు అప్పగించారు. ఆ షరతు నిజమే, ఒప్పందంలో ఉంది. తర్వాత ఆ లైబ్రేరియన్ రిటైరయ్యారు. ఆ పోస్టు రెండేళ్లు ఖాళీగా ఉండిపోయింది. ప్రిన్సిపాల్ మారారు. ఆ కవరు మాత్రం చెప్పినట్టే జాగ్రత్తగా ఉంది.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే నేను ఎవరి వైపూ వేలు చూపించలేను. పాత లైబ్రేరియన్ తన పని చేశారు. ప్రిన్సిపాల్ తనకు అప్పగించినదాన్ని కాపాడారు. మనిషి మారినప్పుడు చేతులు మారాల్సిన వాటి జాబితాలో తాళాలు, పుస్తకాల రిజిస్టరు, కుర్చీలు ఉన్నాయి కానీ పాస్‌వర్డ్ లేదు. అప్పటి నుంచి నేను ఏ సంస్థకు వెళ్లినా మొదట చూసేది చార్జి అప్పగించే రిజిస్టరునే.

కొత్త పాస్‌వర్డ్ కొద్ది రోజుల్లోనే వచ్చింది. దాంతో అడ్డు తొలగిపోలేదు. నర్సింగ్ స్కూలు టీచర్ ఒకరు నా ముందే ఫోన్ తీసి గూగుల్‌లో ఒక వ్యాసం వెతికారు. ప్రచురణ సంస్థ పేజీ తెరుచుకుంది. ఈ వ్యాసం చదవాలంటే ఇన్ని డాలర్లు కట్టండి అని వచ్చింది. "చూశారా, ఇది మనకు కాదు" అని ఫోన్ పక్కన పెట్టేశారు. నిజానికి అదే వ్యాసం వాళ్ల సంస్థకు ఉచితం. కాకపోతే ముందు రీసెర్చ్ ఫర్ లైఫ్ పోర్టల్‌లోకి లాగిన్ అయి, అక్కడి నుంచి ఆ పత్రికలోకి వెళ్లాలి. నేరుగా వెళితే మీరెవరో ఆ పేజీకి తెలియదు. చిన్న తేడాయే, కానీ ఆ టీచర్ ఇలా ఎన్ని వందల సార్లు వెనక్కి తిరిగి ఉంటారో!

శిక్షణ, ఆ తర్వాతి నెల

రెండు రోజుల శిక్షణ పెట్టాం. స్లయిడ్లు, ప్రాక్టీసు, చివర్లో సర్టిఫికెట్లు. అందరూ శ్రద్ధగా విన్నారు. మంచి ప్రశ్నలు అడిగారు. నెల తర్వాత వెళ్లి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే, శిక్షణ తర్వాత ఒక్కసారైనా లాగిన్ అయినవారు ఇద్దరే కనిపించారు. వారిలో ఒకరు పైచదువుకు దరఖాస్తు చేసుకుంటున్న డాక్టరు.

ఇలాంటి ఫలితం నాకు కొత్త కాదు, అయినా మళ్లీ అదే పద్ధతితో మొదలుపెట్టాను. శిక్షణ ఇవ్వడం సులువు. తేదీ ఉంటుంది, ఫొటో ఉంటుంది, నివేదికలో రాసుకోవచ్చు. కానీ లేబర్ రూమ్ నర్సు 12 గంటల డ్యూటీలో ఉంటుంది. ఇంటర్నెట్ ఉన్నది ఆఫీసు గదిలో, అదీ పగటిపూట. మొబైల్ డేటా కొనుక్కోవాలంటే సొంత జీతంలోంచి పెట్టుకోవాలి. పైగా ఇంగ్లిష్‌లో వెతకాలి. ఇన్ని మెట్లెక్కి పైకి వెళితే కనిపించేది పది పేజీల వ్యాసం, ఆమెకు కావాల్సింది రెండు వాక్యాలు.

పెట్టె

ఇంటర్నెట్ వార్డుకు రాకపోతే వార్డుకు సరిపడా సమాచారాన్ని పెట్టెలో పెట్టి తీసుకెళ్దాం అనుకున్నాం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. వ్యవసాయ పత్రికలను సీడీల్లో పెట్టి కార్నెల్ విశ్వవిద్యాలయం 1990ల చివర్లోనే పేద దేశాల లైబ్రరీలకు పంపింది. ఇప్పుడు సీడీల అవసరం లేదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు ఒకటి, మెమరీ కార్డు ఒకటి, ఇంటర్నెట్ లేకుండానే వెబ్‌సైట్లు చదివించే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇంగ్లిష్ వికీపీడియా మొత్తం బొమ్మలతో సహా సుమారు 100 జీబీలో పట్టేస్తుంది. వైద్యం వరకే కావాలంటే అందులో చిన్న ముక్క చాలు. ఆ పెట్టె తన చుట్టూ ఒక వైఫై ఇస్తుంది. ఫోన్ కలుపుకుంటే డేటా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

అందులో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు అన్నది చాలామంది పట్టించుకోరు. రీసెర్చ్ ఫర్ లైఫ్ ద్వారా వచ్చే వ్యాసాలను గంపగుత్తగా దింపి పెట్టెలో పెట్టడానికి ఒప్పందం ఒప్పుకోదు. అలా చేస్తే సంస్థ మొత్తానికి దారి మూసేయవచ్చు. అందుకే పంచుకోవడానికి అనుమతి ఉన్నవే తీసుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు లాభాపేక్ష లేకుండా పంచుకోవచ్చని వాటి లైసెన్సులోనే ఉంది. పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత వైద్య వ్యాసాల భాండాగారంలో ఓపెన్ యాక్సెస్ వ్యాసాలున్నాయి. నర్సింగ్ స్కూలు టీచర్లు తయారుచేసుకున్న నోట్సు కూడా వాళ్లనడిగి పెట్టాం.

పెట్టె మూడో వారానికే ఆగిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ఒక్క దెబ్బతో ఆగి మళ్లీ లేస్తుంది. కార్డు మీద ఏదైనా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే కార్డు దెబ్బతింటుంది. అదే జరిగింది. కార్డు మీద చదవడమే తప్ప ఏమీ రాయకుండా సెట్ చేశాం. చిన్న బ్యాటరీ తగిలించాం. అచ్చం అలాంటిదే రెండో కార్డు తయారుచేసి, పైన పేరు, తేదీ రాసి లైబ్రరీలో ఉంచాం. కార్డు మార్చడం ఎలాగో నైట్ వాచ్‌మన్‌కు కూడా నేర్పించాం, ఎందుకంటే రాత్రిపూట లైబ్రరీ తాళం ఉండేది ఆయన దగ్గరే.

ఇంకో తంటా నేను ఊహించనిది. నర్సులు వైఫైకి కలుపుతారు, పేజీ తెరుచుకుంటుంది, రెండో పేజీ దగ్గర ఆగిపోతుంది. పెట్టె పాడైందనుకున్నాం. రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టాక సంగతి తెలిసింది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ కనిపెట్టి, చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాలోకి మారిపోతోంది. మొదటిసారి కలిపినప్పుడు "ఇంటర్నెట్ లేదు, అయినా ఉండనా" అని ఫోన్ అడుగుతుంది. అందరూ వద్దు అని నొక్కేస్తున్నారు. అలా నొక్కడంలో వింతేముంది? వార్డులో ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని ఆ ఒక్క బటన్ నొక్కించడానికి ఒక పూట పట్టింది. రెండు రోజుల శిక్షణ కంటే ఆ పూట చేసిన పనికే ఎక్కువ ఫలితం కనిపించింది. తర్వాత వాడకం పెరిగి ఇరవై ఫోన్లు ఒకేసారి చేరేసరికి పెట్టె లోపలి వైఫై చేతులెత్తేసింది. మామూలు రౌటర్ ఒకటి తెచ్చి తగిలించాం.

పెట్టెకు ఉన్న అసలు లోపం వేరు. నింపిన రోజు దగ్గరే దాని కాలం ఆగిపోతుంది. 2023 మే నెలలో ఈ-మోటివ్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగింది. కాన్పయ్యాక కారే రక్తాన్ని కంటితో అంచనా వేయకుండా, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిలో పట్టి కొలిచి, ఎక్కువవుతోందని తెలియగానే చేయాల్సిన చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెడితే, తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట తెరిచే ఆపరేషన్, దానివల్ల మరణం అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. మా పెట్టె నింపింది అంతకు ముందు. నేను ఊరికి వచ్చి ఆ ఫలితం చదివిన రోజు, అక్కడి నర్సులు పెట్టె తెరిచి చూస్తే అది కనిపించదు, కానీ అంతా ఇందులో ఉందన్న నమ్మకంతో చూస్తారు కదా అని నిద్ర పట్టలేదు. వెంటనే చేయించిన మార్పు, మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో "ఈ పెట్టెలో ఉన్నది ఫలానా తేదీ వరకు" అని రాయించడం. మూడు నెలలకోసారి కార్డు మార్చాలని లైబ్రరీ క్యాలెండర్‌లో పెట్టించాం.

ప్రశ్నల పుస్తకం

ఈ కేసులో బాగా పనిచేసింది ఒక నోటు పుస్తకం. దాన్ని దారం కట్టి లేబర్ రూమ్‌లో వేలాడదీశాం. ఎవరికి ఏ సందేహం వచ్చినా అందులో రాయాలి, తమ భాషలోనే. లైబ్రరీలో తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న ఒక కుర్రాడు రోజూ పొద్దున, సాయంత్రం షిఫ్టు మారే వేళకు వెళ్లి చూస్తాడు. జవాబు వెతికి, అరపేజీలో వాళ్ల భాషలో రాసి, ఎక్కడి నుంచి తీసుకున్నాడో, అది ఏ తేదీదో కింద రాసి, డాక్టరు చేత సంతకం పెట్టించి పుస్తకంలో అతికిస్తాడు.

మొదటి రెండు వారాలు పుస్తకం దాదాపు ఖాళీ. సిస్టర్ ప్రశ్న ఒకటి, నా బలవంతం మీద రాసినవి ఒకటి రెండు. కారణం సిస్టరే చెప్పింది. "మేడమ్, పేరు రాయాలన్నారు కదా. నాకు తెలియదని అందరూ చదివేలా ఎవరు రాస్తారు?" పేరు గడి నేనే పెట్టాను, జవాబు ఎవరికి ఇవ్వాలో తెలియాలని. అది కొట్టేయించాం. ఆ వారం నుంచి పుస్తకం నిండటం మొదలైంది.

ఏం అడిగారు? "మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ఆంప్యూల్సే ఉన్నాయి. 20 శాతం కావాలంటే ఎంత నీళ్లు కలపాలి?" దీనికి 8 మిల్లీలీటర్ల మందుకు 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ అని జవాబు, పక్కన సిరంజి బొమ్మ. "రాత్రంతా ఫ్రిజ్ ఆగిపోయింది, ఆక్సిటోసిన్ వాడొచ్చా?" ఈ ప్రశ్న ఒక్క నెలలో మూడుసార్లు, మూడు వేర్వేరు చేతిరాతల్లో వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మూడోసారి చూసినప్పుడు ఇది లైబ్రరీ సమస్య కాదు, ఫ్రిజ్ సమస్య అని పుస్తకం తీసుకెళ్లి సూపరింటెండెంట్‌కు చూపించాను. ఒకే ప్రశ్న మూడు చేతిరాతల్లో ఉండటం ఏ నివేదికా చేయలేని పని చేసింది. ఫ్రిజ్‌కు విడిగా బ్యాటరీ వచ్చింది.

వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి ఖరీదైన పత్రికల అవసరమే రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్స్‌లోనే జవాబులున్నాయి. పత్రికల అవసరం పడింది డాక్టర్లకు, టీచర్లకు. అంతమాత్రాన పత్రికల దారి అక్కర్లేదని నేను అనను. లైబ్రరీ కుర్రాడికి నేను పెట్టిన మొదటి నియమం, సారాంశం మాత్రమే చదివి జవాబు రాయకూడదని. దీని వెనుక ఒక పాత ఉదంతం ఉంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా చూసే పనిలో ఉన్న ఒక డాక్టరుకు ఇంటర్నెట్‌లో సారాంశాలు తప్ప పూర్తి వ్యాసాలు దొరికేవి కావు. ఒకే ఒక్క సారాంశం ఆధారంగా, పనిచేస్తున్న చికిత్సను వదిలేసి అంతకంటే తక్కువ ఫలితమిచ్చేదానికి అక్కడి కార్యక్రమాన్ని మార్చేశారు. పూర్తి వ్యాసం చదివి ఉంటే, ఆ అధ్యయనం చిన్నదని, తమ పరిస్థితికి అది వర్తించదని తెలిసేది. హెచ్ఐవీ నివారణలో పనిచేసిన ఆర్థర్ అమ్మన్ ఈ సంగతి చెప్పారు. సగం తెరిచిన తలుపు ఎంత ప్రమాదమో వివరించడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక సిస్టర్ మొదటి ప్రశ్న. జవాబు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చార్టు మారడానికి ఏడు వారాలు. చార్టు మార్చే అధికారం లైబ్రరీకి లేదు, నర్సుకూ లేదు. ప్రసూతి డాక్టరు గారు పూర్తి పత్రం అడిగి తీసుకుని చదివారు. తర్వాత కమిటీ కూర్చోవాలి. ఒకసారి కూర్చునే రోజు వాయిదా పడింది. ఈ ఏడు వారాల సంగతి నేను ఫిర్యాదుగా రాయడం లేదు. ఎవరో ఒకరు వచ్చి చెప్పగానే చార్టులు మారిపోయే ఆసుపత్రిని నేనైతే నమ్మను. కానీ జ్ఞానం అందించే ప్రాజెక్టుల్లో ఈ మెట్టును ఎవరూ లెక్కలో వేసుకోరు. వెతకడం నేర్పుతాం, తెలుసుకున్నది ఎవరి చేతుల మీదుగా అమల్లోకి వస్తుందో అడగం. కమిటీ సభ్యులందరినీ మొదటి వారంలోనే కలిసి ఉండాల్సింది. నేను కలిసింది చాలా ఆలస్యంగా.

కొత్త చార్టు వాళ్ల భాషలో వచ్చింది. అనువాదం చేస్తున్నప్పుడు ఒక మాట దగ్గర చాలాసేపు ఆగాం. "500 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ రక్తం పోతే" అని అప్పుడు ఇంగ్లిష్‌లో ఉంది. వార్డులో ఎవరూ మిల్లీలీటర్లలో చెప్పుకోరు. ఎన్ని బట్టలు తడిశాయన్నదే లెక్క. కంటి అంచనాలో రక్తం చాలాసార్లు ఉన్నదానికంటే తక్కువగానే కనిపిస్తుంది. సిస్టర్ ఒక పాత బట్ట తెచ్చింది. రంగు నీళ్లు కొలిచి పోసి చూసింది. తమ వార్డు బట్ట పూర్తిగా తడవడానికి ఎంత పడుతుందో స్వయంగా లెక్కకట్టింది. ఆ సంఖ్య చార్టులో చేరింది. ప్రపంచంలో ఏ పత్రికలోనూ దొరకని సమాచారం అది, ఆ వార్డుకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం. 2023 చివర్లో, కొలిచి చూడటం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు వచ్చాక, కొలత గీతల సంచుల కోసం ఇండెంట్ పెట్టారు. అవి వచ్చేదాకా బట్టల లెక్కే.

తిరుగు దారి

జ్ఞానం ఎప్పుడూ అటు నుంచి ఇటే రావాలన్నట్టు మేం ప్రాజెక్టు రాసుకున్నాం. అది తప్పు. లైబ్రరీ మూడో అలమారలో నర్సింగ్ విద్యార్థులు ఏటా రాసిన ప్రాజెక్టు రిపోర్టులు దొంతరగా ఉన్నాయి. అడుగున ఉన్నవాటిని చెదలు తిన్నాయి. ఆ ప్రాంతంలో కాన్పులకు ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో ఇంటింటికీ తిరిగి రాసినవి అందులో ఉన్నాయి. మిగిలినవాటిని ఫోన్‌తోనే స్కాన్ చేసి, ఒక్కోదానికి నాలుగు వాక్యాల సారాంశం రాసి పెట్టెలో చేర్చాం.

ఆ దొంతర చూసినప్పుడు నాకు లైబీరియా గుర్తొచ్చింది. 2014లో ఎబోలా చెలరేగినప్పుడు, ఆ వైరస్ తమ దేశంలో ఇంతకు ముందు లేదనే అక్కడి ఆరోగ్యశాఖ అనుకుంది. 1982లోనే ఐరోపా పరిశోధకులు అక్కడివారి రక్త నమూనాలు పరీక్షించి, లైబీరియాను ఎబోలా ఉన్న ప్రాంతాల్లో చేర్చాలని ఒక ఐరోపా పత్రికలో రాశారు. రాసినవారిలో లైబీరియా వాళ్లు ఒక్కరూ లేరు. ఆ వ్యాసం దింపుకోవాలంటే అప్పట్లో 45 డాలర్లు, అంటే అక్కడి డాక్టరుకు సుమారు సగం వారం జీతం. ఆ దేశ ప్రధాన వైద్యాధికారి బెర్నిస్ డాన్, మరో ఇద్దరితో కలిసి 2015లో ఈ విషయం బయటపెట్టారు. తమ మనుషుల రక్తంలోంచి తీసిన సమాచారం తమకే చేరలేదు.

మరో సంగతి. ఇచ్చేవారి దయ మీద నడిచే దారి ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. 2011 జనవరిలో కొన్ని ప్రచురణ సంస్థలు బంగ్లాదేశ్‌కు హినారి ద్వారా ఇస్తున్న వేల పత్రికలను ఉన్నట్టుండి ఆపేశాయి. గొడవ జరిగాక మళ్లీ తెరిచాయి. దేశం ఆదాయం కాస్త పెరిగి జాబితా మారితే, ఉచితం కాస్తా రుసుము అవుతుంది. అందుకే ఓపెన్ యాక్సెస్ వైపే నా మొగ్గు. పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా అందాలంటూ 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వచ్చినప్పటి నుంచి ఆ దారి పెరుగుతూనే ఉంది. దానికీ ఒక చిక్కు ఉంది. చదివేవారికి ఉచితం చేయడానికి చాలా పత్రికలు రాసేవారి దగ్గర రుసుము తీసుకుంటాయి. పేద దేశాల రచయితలకు మినహాయింపు ఉంటుంది, కానీ దాన్ని అడగవచ్చని తెలిసినవారు తక్కువ. బ్రెజిల్‌లో మొదలైన ఉచిత పత్రికల వేదిక సైయెలో, ఆఫ్రికా పత్రికలను ఒకచోట చేర్చిన ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్, రెండూ 1998 నుంచి నడుస్తున్నాయి. ఇలాంటి వేదికల గురించి నర్సింగ్ స్కూలు టీచర్లకు చెప్పినప్పుడు, "అందులో మేం రాయవచ్చా?" అని అడిగారు. అప్పటిదాకా మేం చదవవచ్చా అన్న ప్రశ్నే విన్నాను.

మిగిలిపోయినవి

లైబ్రరీ కుర్రాడి ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఈ ఏర్పాటంతటికీ అతనే ఆయువుపట్టు. పెట్టె కొనడానికి డబ్బిచ్చేవారు దొరుకుతారు కానీ నెలనెలా అతని జీతం ఇచ్చేవారు దొరకలేదు. పర్మనెంట్ చేయమని సంస్థ పైకి రాసింది. ఇలాంటి ప్రాజెక్టుకు డబ్బిచ్చేవారు ఎవరైనా నన్ను అడిగితే, ముందు మనిషికి ఇవ్వండి, మిషన్ సంగతి తర్వాత చూద్దాం అని చెబుతాను. పాస్‌వర్డ్ ఇప్పుడు చార్జి అప్పగించే రిజిస్టరులో ఒక పద్దు. ఇద్దరి సంతకాలు ఉండాలి.

ప్రశ్నల పుస్తకంలో జవాబు అతికించని పేజీ ఒకటుంది. రాసింది సిస్టరే అని చేతిరాతను బట్టి నాకు తెలుసు. "రక్తం పోతూ బయటి నుంచి వచ్చేవాళ్లు మూడు గంటలు దాటాకే ఎందుకు వస్తున్నారు?" లైబ్రరీ కుర్రాడు వెతికాడు. వేరే దేశాల అధ్యయనాలు దొరికాయి కానీ ఈ ఊరి సంగతి ఎందులోనూ లేదు. జవాబు రాయనా అని నన్ను అడిగితే, లేదని రాయమన్నాను. అతను అది రాయకుండా పేజీ ఖాళీగా వదిలి, సిస్టర్‌తో కూర్చుని వార్డు రిజిస్టరు తిరగేయడం మొదలుపెట్టాడు. కాన్పయిన వేళ, వార్డుకు చేరిన వేళ, ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా వచ్చారు. నేను తిరిగి వచ్చేనాటికి రెండేళ్ల కేసులు ఒక షీటులోకి ఎక్కాయి. పరిశోధనగా రాయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి కాబట్టి దానికి దరఖాస్తు పెట్టారు. ఇంగ్లిష్‌లో రాస్తే బయటివాళ్లు చదువుతారు, తమ భాషలో రాస్తే ఆ ఊళ్ల ఆరోగ్య కార్యకర్తలు చదువుతారు. ముందు ఏ భాషలో రాయాలన్నది సిస్టర్ ఇంకా తేల్చుకోలేదు.